దొడ్లో చెట్టుకు తెగులొస్తే

ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో ఇంటింటా ఒకటే బెంగ. బంగాళాఖాతంలో వాయుగుండం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, తీరం ఎక్కడ దాటుతుంది అని రేడియో దగ్గర చెవులు పెట్టుకుని కూర్చుంటాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కొబ్బరి చెట్లు నడిమికి విరిగి, వేళ్లతో సహా లేచి, ఇళ్ల మీదా పశువుల పాకల మీదా పడ్డాయి. అంతటి గాలికి మంచి చెట్టూ పడుతుంది, చెడ్డ చెట్టూ పడుతుంది. కానీ ఏటా వచ్చే మామూలు ఈదురుగాలికి పడేది మాత్రం ముందే జబ్బుపడ్డ చెట్టు. ఆ చెట్టు గురించి మాట్లాడదామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

మా పెనుగొండలో ఏ వీధి చివర నిలబడి చూసినా పెంకుటిళ్ల మీదుగా, డాబాల మీదుగా కొబ్బరి మట్టలు ఊగుతూ కనిపిస్తాయి. వాసవీ మాత గుడికి వచ్చే యాత్రికులు బస్సు దిగగానే మెచ్చుకునేది ఆ పచ్చదనాన్నే. ఊళ్లోవాళ్లం కాస్త పరకాయించి చూస్తే ఆ పచ్చదనం నడుమ మొవ్వు ఊడిపోయిన మోళ్లు అక్కడక్కడా ఉంటాయి. ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉంటాయి. ఎవరిదండీ ఈ చెట్టు అంటే ఫలానా వారిదంటారు. వాళ్లనడిగితే, "పడితే మా దొడ్లోనే పడుతుంది లెండి" అంటారు. చెట్టు యాభై అడుగులు. దొడ్డి ముప్పై అడుగులు. మిగిలిన ఇరవై అడుగులు ఎవరి కప్పు మీద పడతాయి?

నా దొడ్లో చెట్టు నా ఇష్టం అనే మాటకు మన డెల్టాలో వందేళ్ల కిందటే కాలం చెల్లింది. అదెలాగో తెలియాలంటే తాటిచెట్ల సంగతి చెప్పుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో గోదావరి డెల్టాలో తాళ్లకు ఒక వింత జబ్బు పట్టుకుంది. నడిమి మొవ్వాకు ముందు వాడిపోయి పక్కకు వాలేది. పట్టుకుని లాగితే కుళ్లు కంపుతో ఊడి చేతికొచ్చేది. తాటికైనా కొబ్బరికైనా మొవ్వు ఒక్కటే. మామిడికో వేపకో ఒక కొమ్మ ఎండినా పక్కన ఇంకో కొమ్మ చిగురిస్తుంది. తాటికి ఆ అదృష్టం లేదు. మొవ్వు కుళ్లిందంటే చెట్టు పోయినట్టే. ఆ రోజుల్లో తాటిచెట్టు అంటే ఎంత ఆస్తో ఇప్పటి పిల్లలకు ఊహకందదు. ఇంటికి దూలాలు తాడివి, కప్పు తాటాకు, చంటిపిల్లలకు ముంజలు, బడిపిల్లలకు తేగలు, ఇంట్లోకి తాటిబెల్లం, పంట కాలవ దాటడానికి తాటిదోనె. గీత కార్మికుల కుటుంబాలైతే మోకు, కత్తి నమ్ముకుని ఆ చెట్టు మీదే బతికేవి. అలాంటి చెట్లు తోపులు తోపులుగా మోళ్లయిపోతుంటే జిల్లా మొత్తం బెదిరిపోయింది.

ప్రభుత్వం పరిశోధనకు పంపినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఐర్లండు దేశస్థుడు, వైద్యం చదువుకున్నవాడు, తర్వాత చెట్ల జబ్బుల వైపు మళ్లాడు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉంటూ మన తాళ్ల జబ్బును చదివాడు. మొవ్వును కుళ్లబెడుతున్న బూజును పట్టుకుని 1907లో దానికి శాస్త్రీయమైన పేరు పెట్టాడు. తాళజాతిని తినేది అనే అర్థం వచ్చేలా పామివోరం అన్నాడు. 1910లో దేశంలోని తాళజాతి చెట్ల మొవ్వు కుళ్లు మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఫైటాఫ్తొరా పామివోరా అని ఈనాడు ప్రపంచమంతా పిలిచేది ఆ బూజునే. కోకో కాయలను నల్లబరిచి కుళ్లబెట్టేది, రబ్బరు తోటలను, బొప్పాయిని పీడించేది అదే. మన కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేసుకున్న రైతులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. పైన కొబ్బరికి మొవ్వు కుళ్లు, కింద కోకోకు కాయకుళ్లు. రెండింటికీ మూలం ఒక్కటే.

ఆ జబ్బుకు అప్పట్లో దొరికిన మందు నిప్పు. తెగులు తగిలిన చెట్టెక్కి మొవ్వు నరికి, కిందికి దించి కాల్చెయ్యడం. వానాకాలంలో తేమతో పాటే తెగులు చెట్టు నుంచి చెట్టుకు పాకేది కాబట్టి ఒక్క చెట్టు వదిలినా ఆ చుట్టుపక్కల పడ్డ శ్రమంతా వృథా. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఊరూరా తిరిగి ఈ పని చేయించడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా సిబ్బందిని పెట్టింది. ఏళ్ల తరబడి ఆ పని సాగింది. దాని చరిత్రను విలియం మెక్‌రే అనే శాస్త్రవేత్త 1923లో అచ్చు వేయించాడు. చెట్టు జమీందారుదా, రైతుదా, ఊరి ఉమ్మడిదా అన్నది తెగులుకు పట్టదు. ఆ సంగతి మన తాతలకు తాళ్లు పోగొట్టుకుని అర్థమైంది.

1919లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయ చీడపీడల చట్టం తెచ్చింది. విదేశాల నుంచి వచ్చే మొక్కలతో పాటు చీడలు దిగకుండా ఆపడానికి 1914లోనే దేశమంతటికీ ఒక చట్టం ఉంది. ఊళ్లోపల, రైతు సొంత భూమిలో ఉన్న తెగులు సంగతి చూడడానికి వచ్చింది మాత్రం ఈ మద్రాసు చట్టం. ఫలానా తెగులును ప్రభుత్వం ఫలానా ప్రాంతానికి ప్రకటించిందంటే, ఆ భూమిని అనుభవిస్తున్నవాడు చెప్పిన చర్య తీసుకోవాలి. సొంతదారే కానక్కర్లేదు, కౌలుదారైనా సరే. తీసుకోకపోతే ఇన్‌స్పెక్టరు భూమిలోకి వచ్చి తానే చేయిస్తాడు. అయిన ఖర్చును శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. ఆంధ్ర ప్రాంతానికి ఈ చట్టం తర్వాతి కాలంలోనూ నిలిచింది. అయితే ప్రభుత్వం తెగులును ప్రకటించి ప్రాంతాన్ని గుర్తిస్తే తప్ప దీనికి కదలిక ఉండదు. మన పక్కింటి ఒక్క చెట్టు కోసం ఇది పరుగెత్తుకు రాదు.

తాళ్లతో ఆ కథ ముగిసిపోలేదు. 1949 తుపాను తర్వాత వశిష్ఠకు అవతలి ఒడ్డున, రాజోలు దగ్గర తాటిపాకలో కొబ్బరికి కొత్త జబ్బు కనిపించింది. ఊరి పేరే దానికి పేరైంది. తాటిపాక తెగులు. ఈ తెగులు మొదట మోసం చేస్తుంది. చెట్టు మామూలు కన్నా ముదురు పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. రైతు మురిసిపోతాడు. తర్వాత మట్టలు పొట్టివవుతాయి, మొవ్వు చిన్నబోతుంది, గెలల్లో కాయలు గిడసబారతాయి. సూక్ష్మదర్శినికే చిక్కే ఫైటోప్లాస్మా అనే జీవి దీనికి కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. తగిలిన చెట్టును బాగుచేసే మందు లేదు. తీసెయ్యడమొక్కటే దారి. ఏ చెట్టును తియ్యాలో రైతు తనకు తానుగా తేల్చుకోలేడు. పోషకాల లోపం వల్ల కూడా ఇలాంటి లక్షణాలు కనిపించవచ్చు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో చూపించుకుని తేల్చుకోవాలి.

ఇక గానోడెర్మా తెగులు. ఈ పేరు విననివాళ్లు కొబ్బరి రైతుల్లో లేరు. మొదలు దగ్గర గోధుమరంగు జిగురు కారుతుంది. కింది మట్టలు వేలాడిపోతాయి. వానల తర్వాత మొదట్లో గట్టి పుట్టగొడుగులు, అర్ధచంద్రాకారంలో, చెక్క ముక్కలు అతికించినట్టు మొలుస్తాయి. అవి కనిపించాయంటే లోపల వేళ్లు చాలామటుకు కుళ్లిపోయాయన్నమాట. ఇక్కడ జబ్బూ, ప్రమాదమూ రెండూ ఒకే చెట్టులో కలుస్తాయి. మొవ్వు కుళ్లిన చెట్టు మోడై కొన్నాళ్లు నిలబడుతుంది. వేరు కుళ్లిన చెట్టు పచ్చటి మట్టలతో ఉండగానే కూలుతుంది. దానికి తుపాను అక్కర్లేదు. పైగా ఆ బూజు మట్టిలో, వేళ్ల వెంట పక్క చెట్టుకు పాకుతుంది. చెట్టు కొట్టేసి మొద్దును మట్టిలో వదిలేస్తే అక్కణ్ణుంచి గోడ అవతలి తోటలోకి కూడా వెళ్తుంది. మొద్దు, వేళ్లు తవ్వి తియ్యాలి. తియ్యలేకపోతే చుట్టూ కందకం తవ్వి వేళ్ల బంధం తెంచాలి. పడిన దుంగను అలాగే వదిలెయ్యడం ఇంకో తప్పు. కుళ్లిన దుంగ కొమ్ము పురుగుకు పుట్టిల్లు. మీ దొడ్లో దుంగలో పుట్టిన పురుగు రాత్రికి పక్కవాళ్ల చెట్టు మొవ్వు తొలుస్తుంది.

ఇదంతా విని జబ్బుపడ్డ చెట్టల్లా కొట్టెయ్యాలనుకోకండి. మొవ్వు కుళ్లును తొలిరోజుల్లో గుర్తిస్తే కుళ్లిన భాగం కోసేసి బోర్డో ముద్ద పూసి చెట్టును నిలబెట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. గానోడెర్మాకు కూడా మొదట్లోనే పట్టుకుంటే ట్రైకోడెర్మా, వేపపిండి కలిపి వేసి, వేరు ద్వారా మందు ఎక్కించి చెట్టు ఆయుష్షు పెంచవచ్చు. ఆలస్యం చేసినవాడికే గొడ్డలి తప్పదు.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. చెట్టు పడి మనిషి పోతే ఎవరు బాధ్యులు? దైవఘటన అని చేతులు దులుపుకోవచ్చా?

1964లో ఢిల్లీలో ఒక వ్యక్తి స్కూటరు మీద వెళ్తుంటే రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిగి తలమీద పడింది. ఆయన చనిపోయాడు. చెట్టు ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌ది. చెట్టు ఎండిపోయి ఉంది. ఆయన భార్యాబిడ్డలు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1999లో తేలింది. కార్పొరేషనే బాధ్యురాలని కోర్టు నిర్ధారించింది. చెట్టు ఎండిపోయిందనో, జబ్బుపడిందనో తెలిసి, లేక తెలుసుకోవలసి ఉండి, ఊరుకున్నవాడు నష్టానికి బాధ్యత వహించాలన్నదే ఆ తీర్పులోని సారం. చెట్లను ఎప్పటికప్పుడు చూసుకోవడం కూడా ఆ బాధ్యతలో భాగమే. కార్పొరేషన్‌కు వర్తించిన న్యాయం దొడ్డిలో కొబ్బరిచెట్టు ఉన్న మనకు మాత్రం ఎందుకు వర్తించదు? పక్కింటివాళ్లు "మీ చెట్టు వాలుతోందండీ" అని ఒక్కసారి చెప్పారంటే చాలు. ఆ తర్వాత పడితే, నాకు తెలియదనడానికి వీల్లేదు. ఆ కుటుంబానికి న్యాయం దొరకడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది. ఆ గతి మన ఊళ్లో ఏ ఇంటికీ పట్టకూడదు.

పడకముందే ఆపడానికి కూడా దారి ఉంది. మన క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133వ సెక్షన్ అని ఒకటుండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో అదే నియమం 152వ సెక్షన్‌గా ఉంది. ఒక చెట్టు పడిపోయే స్థితిలో ఉండి, చుట్టుపక్కల కాపురమున్నవాళ్లకో, వ్యాపారం చేసుకునేవాళ్లకో, దారినపోయేవాళ్లకో దెబ్బ తగిలేలా ఉంటే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే కలెక్టరో మన డివిజన్ ఆర్డీఓనో, ఆ చెట్టును తీసెయ్యమని సొంతదారును ఆదేశించవచ్చు. సొంతదారుకు అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. వినకుండా ఊరుకుంటే మేజిస్ట్రేటే ఆ పని చేయించి ఖర్చు రాబట్టవచ్చు. ప్రమాదం ముంచుకొస్తుంటే విచారణ తేలేదాకా ఆగకుండా తక్షణ ఆజ్ఞ కూడా ఇవ్వవచ్చు.

ఈ సెక్షన్‌లో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. చెట్టును తీసెయ్యమని మాత్రమే అనలేదు, తీసెయ్యడం లేదా ఆధారమివ్వడం అన్నారు. వాలిన చెట్టుకు ఊతకర్ర పెట్టినా, గుంజకు కట్టినా, బరువు కొమ్మలు తగ్గించినా ప్రమాదం తప్పుతుందంటే అదీ చట్టానికి సమ్మతమే. రాసినవాళ్లకు చెట్టు విలువ తెలుసు.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టంలో, ప్రమాదకరమైన చెట్ల మీద ఒక నియమం ఉండేది. చెట్టు గానీ, కొమ్మ గానీ, చివరకు చెట్టు కాయ గానీ పడి మనిషికో కట్టడానికో ప్రమాదమయ్యేలా ఉంటే సొంతదారుకు నోటీసివ్వాలని, అత్యవసరమైతే నోటీసు గడువు కోసం చూడకుండా మునిసిపాలిటీయే ఆ పని చేయాలని అందులో రాశారు. కాయ అని ప్రత్యేకంగా ఎందుకు రాశారో మన ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. కొబ్బరికాయ నెత్తిన పడితే ఏమవుతుందో మనకు తెలుసు. పట్నాలకు రాసిన ఆ నియమం మన పంచాయతీ ఊళ్లలోనూ అంతే అవసరం. మా వీధుల్లో చాలాచోట్ల ప్రహరీ లోపలున్న కొబ్బరిచెట్టు తల రోడ్డు మీదే ఉంటుంది. కింద పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్తుంటారు.

పక్కింటి కొమ్మ మన దొడ్లోకి వస్తే ఏం చెయ్యాలన్నది ప్రతి వీధిలోనూ ఉన్న తగువే. సరిహద్దు దాటి వచ్చినంతవరకు, వాళ్ల స్థలంలో కాలు పెట్టకుండా, కోసుకునే హక్కు మనకుందని పాతకాలం నుంచి న్యాయస్థానాలు చెబుతూనే ఉన్నాయి. అయితే కోసిన కొమ్మ, దాని కాయ చెట్టు సొంతదారువే. 1919లోనే ఇంగ్లండులో ఒక కోర్టు, గోడ మీదుగా వచ్చిన ఆపిల్ పళ్లు కోసి అమ్ముకున్న పొరుగువాడి చేత డబ్బు కట్టించింది. కొమ్మ కోసేముందు పొరుగువారికి ఒక మాట చెప్పండి. హక్కు ఉన్నా సరే చెప్పండి.

ఇంకో పెద్ద చట్టం వాల్టా. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, 2002. సొంత భూమిలో ఉన్న చెట్టయినా సరే, నియమిత అధికారి అనుమతి లేకుండా కొట్టకూడదని ఈ చట్టం అంటుంది. తీసిన చెట్టుకు బదులు మొక్క పెట్టే బాధ్యత కూడా దీనిలో ఉంది. ఏ జాతికి అనుమతి కావాలో, ఏ జాతికి మినహాయింపు ఉందో నిబంధనల్లో వేరుగా చెప్పారు. కాబట్టి రంపం తెప్పించేముందు తహశీల్దారు కార్యాలయంలోనో, అటవీశాఖ రేంజి కార్యాలయంలోనో అడిగి తెలుసుకోండి.

వాల్టా పేరు చెప్పి మన ఊళ్లలో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. ఒకరు, చెట్టు ముట్టుకుంటే కేసు పెడతారట అని భయపడి, నిలువునా చీలిన నిద్రగన్నేరును ఇంటి మీద పెట్టుకుని కాలక్షేపం చేస్తారు. దరఖాస్తు రాసి, ఫొటో జతచేసి, ప్రమాదముందని చెబితే వచ్చి చూడవలసిన పని అధికారిదని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఇంకొకరు, నిక్షేపంలాంటి వేపచెట్టుకు తెగులని పేరు పెట్టి, స్థలం అమ్ముడుపోవడానికి అడ్డమని కొట్టిస్తారు. మొదలు చుట్టూ బెరడు ఒలిచి, చెట్టు ఎండేదాకా చూసి, ఎండిపోయింది చూడండి అని చూపించేవాళ్లు కూడా ఉన్నారు. బెరడు ఒలవడం చెట్టును చంపడమే. దాన్ని తెగులని ఒప్పుకునే అధికారి తన పని చేస్తున్నట్టు కాదు. చూడ్డానికి వచ్చిన మనిషికి చెట్ల జబ్బులు తెలిసి ఉండాలి. అలా తెలిసిన మనిషిని పంపకుండా కాగితం మీద సంతకంతో అనుమతి ఇవ్వడం ఈ చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

కరెంటు తీగల సంగతి క్లుప్తంగా చెప్తాను. 2003 నాటి విద్యుత్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం, లైనుకు అడ్డొచ్చే చెట్టును ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు లేదా ప్రభుత్వం నియమించిన అధికారి ద్వారా తీయించవచ్చు. లైను వెయ్యకముందు నుంచీ ఉన్న చెట్టయితే సొంతదారుకు న్యాయమైన పరిహారం ఇప్పించాలి. ఈ రెండో మాట మన రైతుల్లో చాలామందికి తెలియదు. అడిగితేనే కదా వచ్చేది. తీగల పక్కనున్న మోడును మాత్రం మీరు సొంతంగా కొట్టించకండి. విద్యుత్ సంస్థ వాళ్లకు చెప్పి లైను ఆపించాకే గొడ్డలి వెయ్యాలి.

చట్టాలు ఇన్ని ఉన్నాయి. మరి మోళ్లు ఎందుకు నిలబడే ఉన్నాయి? నా అభిప్రాయం చెప్తాను. డబ్బు. తోటలో ఉన్న చెట్టును పడగొట్టడం తేలిక, ఖాళీ వైపు వాటం చూసి తాడు కట్టి లాగుతారు. ఇళ్ల మధ్య చెట్టు అలా కాదు. మనిషి ఎక్కి ముక్కలు ముక్కలుగా కోసి తాడుతో దించాలి, లేదా క్రేను తేవాలి. చచ్చిన కొబ్బరిచెట్టు ఎక్కడానికి ఏ దింపు కార్మికుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. రెండు సెంట్ల స్థలంలో రేకులషెడ్డు వేసుకుని బతికే ముసలావిడకు ఆ ఖర్చు భరించే శక్తి ఎక్కడిది? ఆమెకు నోటీసు పంపి, శిస్తు బకాయిలాగా వసూలు చేస్తామంటే అది న్యాయం కాదు. వీధికి ప్రమాదమైన చెట్టును తీయించే ఖర్చు వీధిదీ, ఊరిదీ కావాలి. చెల్లించగలిగినవాళ్ల దగ్గర పంచాయతీ తీసుకోవచ్చు. లేనివాళ్లకు తానే చేయించాలి. తోట రైతుల విషయంలో కొబ్బరి అభివృద్ధి మండలికి, తెగులు తగిలిన, ముదిరిపోయిన చెట్లను తీసి కొత్తవి నాటడానికి సాయమిచ్చే పథకం ఉంది. దొడ్లో రెండు చెట్లున్న ఇంటికీ అలాంటి ఆసరా కావాలి.

బలవంతం చేస్తే ఏమవుతుందో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం చూపించింది. అక్కడ నిమ్మ, నారింజ జాతికి గజ్జి తెగులు వచ్చింది. తెగులున్న చెట్టుకు 1900 అడుగుల లోపు ఉన్న నిమ్మజాతి చెట్లన్నీ, ఆరోగ్యంగా ఉన్నవి కూడా, ఇళ్ల పెరళ్లలోకి వెళ్లి మరీ కొట్టించారు. జనం కోర్టులకెక్కారు. ఆ దావాలు, పరిహారం తగువులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి 2004, 2005 తుపానులు ఆ తెగులును రాష్ట్రమంతా వెదజల్లాయి. 2006 జనవరిలో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. అక్కడ లోపం శాస్త్రంలో ఉందని నేననుకోను. మనిషికి ముందు చెప్పి, చెట్టు చూపించి, నష్టపరిహారం చేతికిచ్చి చేసి ఉంటే ఆ పని అంత ఆలస్యమయ్యేది కాదు. తుపాను ప్రాంతంలో తెగులుతో పోటీలో ఆలస్యమే ఓటమి.

జబ్బుపడ్డ చెట్టు గురించి ఇంత చెప్పి ముసలి చెట్టు గురించి ఒక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరును మీలో చాలామంది సినిమాల్లో చూసే ఉంటారు. సినిమా చెట్టనే పేరు. నూట యాభై ఏళ్ల చెట్టు. 2024 ఆగస్టులో కూలిపోయింది. మిగిలిన మొదలుకు చికిత్స చేస్తే మళ్లీ చిగుళ్లు తొడిగింది. ముసలితనం జబ్బు కాదు. వయసు మీరిన చెట్టును ఏటా ఒకసారి తెలిసినవాళ్లు చూడాలి, బరువు తగ్గించాలి, తొర్రలో నీళ్లు నిలవకుండా చెయ్యాలి. చెట్లను మనమే జబ్బుపరుస్తున్నాం కూడా. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు, కాలవ తవ్వేటప్పుడు ఒక పక్క వేళ్లన్నీ నరికేస్తాం. మొదలు చుట్టూ గచ్చు చేసి ఊపిరాడకుండా చేస్తాం. కొబ్బరి తోట పక్కనే చేపల చెరువు తవ్వి వేళ్లను ఏడాది పొడుగునా నీళ్లలో నానబెడతాం. తర్వాత చెట్టు పడితే గాలిని తిడతాం.

మా పెనుగొండ పంచాయతీ పెద్దలకు, మండలంలోని మిగతా ఊళ్ల సర్పంచులకు, సచివాలయాల్లో పనిచేసే ఉద్యాన సహాయకులకు నేను కోరేది ఒక్కటే. ఏటా వినాయక చవితి వెళ్లగానే ఊళ్లో ప్రమాదకరమైన చెట్ల పట్టిక ఒకటి రాయండి. రాయడానికి పెద్ద నిపుణులు రానక్కర్లేదు. దింపు కార్మికులను పిలిచి అడగండి. ఏ చెట్టు ఎక్కుతావు, ఏ చెట్టు ఎక్కవు అని. వాళ్లు ప్రాణం పణంగా పెట్టి చెట్టును చదువుతారు. మొదలు తట్టి చూసి, కాలితో తొక్కి చూసి, ఇది మోస్తుందో లేదో చెప్పగలరు. ఆ విద్యను అడిగి తెలుసుకునేవాళ్లు తక్కువ. వాళ్లు ఎక్కనన్న చెట్టు పట్టికలోకి ఎక్కాలి. ఆ పట్టికను గ్రామసభలో చదవాలి. ఉద్యాన అధికారి వచ్చి ఏది మందుతో బతుకుతుందో, ఏది తియ్యాలో చెప్పాలి. తియ్యవలసినవాటికి అనుమతి కాగితం సొంతదారు చేత పరుగులు పెట్టించకుండా పంచాయతీయే తెప్పించాలి. తీసినచోట మొక్క పెట్టించాలి.

ఇక వింటున్న మీరు. రేపు తెల్లారాక మీ దొడ్లో చెట్టు మొదలు చుట్టూ ఒకసారి తిరగండి. జిగురు కారుతోందా, పుట్టగొడుగు మొలిచిందా, మట్టి ఒక పక్క ఉబ్బి పగులుతోందా, నిన్నటి కన్నా వాలిందా చూడండి. మొవ్వాకు నిటారుగా ఉందో లేదో తలెత్తి చూడండి. అనుమానం వస్తే రైతు సేవా కేంద్రంలో చెప్పండి. పక్కింటి చెట్టయితే వాళ్లకు మంచిగా చెప్పండి, వినకపోతే పంచాయతీకి రాసి ఇవ్వండి, అక్కడా కదలిక లేకపోతే ఆర్డీఓకు 152వ సెక్షన్ కింద అర్జీ పెట్టండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. తుపాను వచ్చేలోపు చెయ్యండి.